కట్టల ఆటోలో వచ్చిన అన్న

దొంగతో బేరమాడి, వాడు అడిగినదాన్ని సగానికి దించి, ఆ సంగతి పై అధికారికి గర్వంగా చెప్పుకున్న పోలీసు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. మెడల్ రాలేదు. చీవాట్లు వచ్చాయి. ఈమధ్య సైబర్ విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చి, "సార్, మీ కాలంలో కేసులు ఎట్లుండేవి?" అని అడుగుతున్నారు. నా కాలం అంటే మరీ రాతియుగం కాదు, నేను రిటైరయ్యింది మొన్న మొన్ననే. అయినా అడిగారు కాబట్టి, ఆ చీవాట్లు తిన్న కేసే రాస్తున్నాను. గెలిచిన కేసులు రాసేవాళ్లు డిపార్టుమెంటులో చాలామంది ఉన్నారు.

మా నాయనది అనంతపురం పాతూరులో స్టీలు సామాన్ల అంగడి. పక్కనే పెదనాయన కిరాణా, ఎదురుగా మా మామ బట్టల అంగడి. నేను మాటలు నేర్చుకున్నదే బేరాల మధ్య. మా ఇంట్లో అమ్మ మూడు దోసెలు వేస్తే, నాలుగోది కొసరుగా అడిగేవాళ్లం. తూకం అయిపోయాక పైన ఇంకో చిటికెడు వేయించుకోకపోతే సరుకు కొన్నట్టే ఉండదు మాకు. కొడుకుల్లో ఒకడు గవర్నమెంటు వైపు ఉంటే అంగడికి మంచిదని మా నాయన లెక్కవేసి నన్ను పోలీసులోకి తోశాడు. ఏ స్టేషనుకు పోయినా నా పేరు ఎవరూ పిలవలేదు. "అంగడాయన" అనేవాళ్లు.

ఏఎస్సైగా చివరి పోస్టింగు సైబర్ డెస్కులో పడింది. నాకు కంప్యూటర్లు తెలుసని కాదు. బ్యాంకుల వాళ్లతో, ఫోను కంపెనీల వాళ్లతో గంటలు గంటలు మాట్లాడి పని రాబట్టాలంటే నోరున్నవాడు కావాలి. నోరు నాది, బుర్ర మా ఎస్సై మేడంది. ఆవిడ వయసులో నా కూతురంత. ఇంజనీరింగ్ చదివి పోలీసులోకి వచ్చారు. నన్ను "సార్" అనే పిలిచేవారు, కానీ ఆ సార్‌లో ఎంత గౌరవముందో, ఎంత విసుగుందో రోజును బట్టి మారేది.

ఆ రోజు రాయదుర్గం నుంచి మొదటి బస్సులో ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో మిషన్ తొక్కుతుంది. చేతివేళ్ల గోళ్ల కింద నీలం రంగు. కూతురు ఇంటర్ అయిపోయిన పిల్ల, ఒడిలో బ్యాగు, బ్యాగులో పాత ల్యాప్‌టాప్.

"సార్, మా పాప పాస్‌వర్డు ఎవురో ఎత్తుకోని పోయినారు," అంది తల్లి.

"మర్చిపోయింటుందిలేమ్మా. ఇంటికి పోయి నిదానంగా గుర్తు చేసుకోమను."

ఆ పిల్ల ఫోను నా ముందు పెట్టింది. దాంట్లో ఒక ఫొటో, కింద నాలుగు ముక్కలు. ఇంజనీరింగ్ సీటు కోసం ఆ పిల్ల పెట్టుకున్న వెబ్ ఆప్షన్ల పేజీ అది. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని ఎంతో ఆలోచించి పెట్టుకున్న వరుసను ఎవడో తలకిందులు చేశాడు. మొదట ఉండాల్సిన అనంతపురం గవర్నమెంటు కాలేజీ అట్టడుక్కు పోయింది. మొదటి స్థానంలో రాష్ట్రానికి ఆ కొసన ఎక్కడో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ కూర్చుంది. రేపు సాయంత్రం ఆప్షన్లు ఫ్రీజ్ అవుతాయి, అంటే ఆ తర్వాత దేవుడు దిగివచ్చినా మార్చలేడు. దుడ్లు పంపితే కొత్త పాస్‌వర్డ్ ఇస్తానని వాడి సందేశం.

"ఆ కాలేజీకి ఫీజు కట్టాలంటే నేను ఇంకో జన్మ ఎత్తి మిషన్ తొక్కాల సార్," అంది తల్లి. ఏడవలేదు. ధర ఎక్కువ చెప్పిన అంగడి ముందు నిలబడినట్టు, కోపంగా నిలబడింది.

దొంగకు కూడా సీజన్ తెలుసు. పండుగ ముందు బట్టల ధర పెంచడం మా మామకు ఎంత బాగా తెలుసో, కౌన్సెలింగ్ చివరి రోజు ముందు ఒక పాస్‌వర్డ్‌కు ఎంత ధర పలుకుతుందో వీడికీ అంత బాగా తెలుసు. మేడం ఏదో మీటింగులో ఉన్నారు. నాకు చేతులు ఊరుకోలేదు. ఆ పిల్ల నాయననని చెప్పుకుని, అదే ఫోనులో వాడితో బేరం మొదలుపెట్టాను. వానలు లేవన్నాను. వేరుశనగ ఎండిపోయిందన్నాను. ఇంకొకడి దగ్గర తక్కువకు దొరుకుతుందని కూడా అనబోయి, ఇది ఆ రకం సరుకు కాదని గుర్తొచ్చి ఆగాను. వాడు మెల్లగా దిగాడు. సగానికి దిగాడు. మీతో అబద్ధమెందుకు, నా ప్రాణం హాయిగా ఉండింది.

మేడం వచ్చారు. సంగతంతా విన్నారు.

"ఎంతకు దించినారు సార్?"

"సగానికి మేడం. ఇంకొంచెం లాగితే ఇంకా దిగేటట్టుండాడు."

"మంచిది. కొనేది ఏంది?"

"పాస్‌వర్డు."

"అది మీకిచ్చినాక వాడి తలకాయలో నుంచి పోతుందా? మీ అంగట్లో గిన్నె అమ్మితే గిన్నె కొన్నోళ్ల ఇంటికి పోతుంది. ఇది గిన్నె కాదు సార్. మీకు అమ్మినాక కూడా వాడి దగ్గరే ఉంటుంది. రేపు మళ్లీ మారుస్తాడు, మళ్లీ అమ్ముతాడు. మీరేమో సగం ధరకు వచ్చిందని సంతోషపడతాండారు."

ఇంకొన్ని మాటలు కూడా అన్నారు. అవి ఇక్కడ అవసరం లేదు. తల్లి నా వైపు జాలిగా చూసింది, అదొక్కటి మాత్రం మర్చిపోలేను.

మేడం పాలిటెక్నిక్‌లోని హెల్ప్‌లైన్ సెంటరుకు ఫోను చేశారు. పిల్ల స్వయంగా ఒరిజినల్ సర్టిఫికెట్లతో వస్తే పాత పాస్‌వర్డ్ రద్దు చేసి కొత్తది ఇప్పిస్తామన్నారు. ఒరిజినల్స్ రాయదుర్గంలో, ఇంట్లో బీరువాలో ఉన్నాయి. పోయి తెచ్చుకుని రేపు రావాలి. అయ్యేపనే. కానీ మేడం అక్కడితో ఆగలేదు. ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఈ ల్యాప్‌టాప్‌లో కొత్తగా ఏమి ఎక్కించినావు?" అని అడిగారు.

పిల్ల తల్లి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "ఒక ఆట ఉంది మేడం. దాని అప్‌డేట్."

"చదువుకుంటాండా అని చెప్పి ఆటాడ్తాంటివా?" అంది తల్లి.

"పరీక్షలు అయిపోయినాకనే మా."

"ముందు ఆడలేదా?"

"ముందు కొంచెం ఆడినా."

దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇళ్లూ కోటలూ కట్టే ఆట అది. ఎవరికి వాళ్లు ఇంట్లో కూర్చుని, అందరూ కలిసి ఒకే ఊరు కడతారు. ఆ ఊరు ఉండేది ఒక సర్వర్‌లో. దాన్ని నడిపేవాణ్ణి పిల్లలంతా "అన్న" అంటారు. గొడవపడితే సర్దిచెప్పేది అన్న, పరీక్షలప్పుడు ఆట ఆపి చదువుకోమని తరిమేది అన్న. వీళ్లంతా కలిసి రాయదుర్గం కొండ మీది కోటను రాయి రాయి చూసుకుని కట్టారట. పది రోజుల కిందట ఆ అన్న పేరుతో ఒక కబురు వచ్చింది, కొత్త అప్‌డేట్ వేసుకుంటేనే ఇకపై ఆట తెరుచుకుంటుందని. అన్న చెప్పాడు కదా అని అందరూ వేసుకున్నారు.

మేడం ఆ ల్యాప్‌టాప్‌తో చాలాసేపు కుస్తీపట్టి చెప్పింది నాకు అర్థమైన భాషలో ఇది. ఎవడో ఆ ఆట సర్వర్‌లోకి దూరాడు. అంగడిని దోచుకోలేదు. యజమాని చొక్కా వేసుకుని గల్లా దగ్గర కూర్చుని, నమ్మకంగా వచ్చే గిరాకీలందరికీ పొట్లాల్లో విషం కట్టి ఇచ్చాడు. ఆ అప్‌డేట్ వేసుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లో దాచిపెట్టుకున్న పాస్‌వర్డ్‌లన్నీ వాడికి చేరిపోయాయి. మెయిల్, బ్యాంకు, కౌన్సెలింగ్, ఏదుంటే అది.

"ఇంకెవరు ఆడతారు ఈ ఆట?" అని అడిగారు మేడం.

"చానామంది మేడం. మా మాదిరి ఆప్షన్లు పెట్టుకునేవాళ్లు కూడా ఉండారు. వాళ్లు ఒకసారి పెట్టేసి మళ్లా చూసుకోరు."

ఈ పిల్లకు బెదిరింపు వచ్చింది కాబట్టి తెలిసింది. ఏ కబురూ రానివాళ్లు, రేపు సాయంత్రం దాటాక, తమ ఆప్షన్లు ఎవడో తారుమారు చేశాడని తెలుసుకుంటే అప్పుడు చేసేదేమీ ఉండదు.

"ఆ అన్న ఎక్కడుంటాడు?"

"బెంగళూరులో సాఫ్ట్‌వేర్ మేడం."

మధ్యాహ్నానికి మేడం ఆ సర్వర్‌ను అద్దెకిచ్చిన కంపెనీ నుంచి అద్దెకు తీసుకున్నవాడి ఫోను నంబరు సంపాదించారు. ఆ ఫోను బెంగళూరులో లేదు. రాయదుర్గంలో ఉంది.

సర్వర్‌ను ఆపించే కాగితాలు రాయడానికి మేడం ఆఫీసులో ఉండిపోయారు. తల్లీకూతుళ్లను జీపులో ఎక్కించుకుని నేను బయలుదేరాను. కళ్యాణదుర్గం దాటాక రెండు వైపులా ఎర్రనేల, దున్ని వాన కోసం పెట్టుకున్న చేన్లు, దూరంగా గాలిమరలు. తల్లి కాసేపటికి కోపం దించుకుని, "సార్, మీరు ఇందాక బేరం బాగానే చేస్తిరి," అంది. "మా యూనిట్ ఓనర్ కాడికి ఒకసారి రాగూడదా? పీసుకు ఒక్క రూపాయి పెంచమంటే ఏండ్లు పడతాడు." నేను వస్తానన్నాను. పోలేదు, అది వేరే సంగతి.

వాళ్లను ముందు ఇంటి దగ్గర దింపుదామనుకున్నాను. యూనిట్ దారిలోనే ఉంది, ఓనర్‌కు రేపటి సెలవు చెప్పాలంది తల్లి. లోపల మిషన్ల మోత, గాలి నిండా నీలం దూది. పెద్ద బల్ల మీద గుడ్డ మడతలు మడతలుగా పరిచి, ఒకాయన కటింగ్ మిషన్‌తో ఒకేసారి వంద ప్యాంటు కాళ్లు కోస్తున్నాడు. ముప్పై దాటిన మనిషి, చెవి వెనక పెన్సిలు. తల్లి ఓనర్‌తో మాట్లాడేలోపు నేను ఊరికే ఉండకుండా ఆ అన్న నంబరుకు రింగిచ్చాను.

కటింగ్ మాస్టర్ జేబులో మోగింది.

నేను కట్ చేసి మళ్లీ కొట్టాను. మళ్లీ ఆ జేబులోనే. మాస్టర్ మిషన్ ఆపి ఫోను తీసి చూసుకున్నాడు, తలెత్తి నా యూనిఫాం చూశాడు, నా చేతిలో ఫోను చూశాడు. తల్లి వెనక్కి తిరిగింది.

"ఇదేందప్పా," అంది. "నువ్వా ఆ అన్న?"

ఆ పిల్ల మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఏళ్ల తరబడి రోజూ మాట్లాడిన మనిషిని మొదటిసారి చూస్తోంది. చూస్తే, తాను ఎప్పుడూ చూసే మనిషే, వాళ్లమ్మ కుట్టే గుడ్డ కోసే మాస్టర్.

వెనకవైపు, కుట్టడానికి పోవాల్సిన ముక్కల కట్టలు పేర్చిన గదిలో కూర్చున్నాం. మాస్టర్‌కు నాలుగు రోజులుగా అనుమానం ఉంది. తాను రాయని కబుర్లు తన పేరు మీద కనపడుతున్నాయి. తనే పాస్‌వర్డ్ మార్చి, ఏవేవో తీసేసి, ఎవరికీ తెలియకుండా బాగుచేద్దామని చూస్తున్నాడు.

"ఎట్ల దూరినాడప్పా లోపలికి?" అన్నాను.

"సర్వర్‌కు సంవత్సరానికి ఒకేసారి కట్టినా సార్. అంతా ఒకేసారి కడతాండా గదా, కొసరేమిస్తావని ఆ అమ్మినాయన్ను అడిగినా. అప్‌డేట్లు దానంతటదే అందరికీ పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఊరికే ఇచ్చినాడు. దాంట్లో నుంచే వచ్చినట్టుండాడు."

తిట్టాల్సిన చోట ఇదొకటి. నాకు నోరు రాలేదు. కొసరు అడగనివాడు మా బజారులో మనిషే కాదు. బియ్యంలో కొసరు పడితే గుప్పెడు బియ్యం ఎక్కువొస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో కొసరు పడితే, దాని వెనక ఎవరు తయారుచేశారో, ఏ తలుపు తెరిచిపెట్టారో తెలియని వస్తువు ఇంట్లోకొస్తుంది. ఆ తేడా అతనికి ఎవరూ చెప్పలేదు. నేనైతే రెండు కొసర్లు అడిగి ఉండేవాణ్ణి.

"ఇప్పుడే అందరికీ చెప్పెయ్. సర్వర్ పాడైంది, పాస్‌వర్డులన్నీ మార్చుకోండి, ఆప్షన్లు చూసుకోండి అని."

"ఆదివారం దాకా టైమియ్యండి సార్. అంతా క్లీన్ చేసి నేనే చెప్తా."

"రేపు సాయంత్రం ఫ్రీజు."

"అయితే రేపు రాత్రికి."

"రాత్రికి చెప్పి ఏం లాభమప్పా? ఇప్పుడు."

"పొద్దున్నే, సార్. ఒక్క పొద్దు."

బేరంలో మా నాయన నాకు నేర్పింది ఒకటుంది. ఎదుటివాడు చేత్తో పట్టుకున్న వస్తువును చూడొద్దు, వాడికి నిజంగా ఏం కావాలో చూడు. మాస్టర్ అడుగుతున్నది టైము కాదు. పిల్లలకు తనను బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరని చెప్పుకున్నాడు. వాళ్లకు లెక్కలు చెప్పాడు, ఏ కోర్సు మంచిదో చెప్పాడు, వాళ్లు విన్నారు. ఇంటర్ మధ్యలో చదువు ఆపేసి కత్తెర పట్టుకున్నవాడి మాట అంత శ్రద్ధగా విన్నవాళ్లు ప్రపంచంలో ఆ పిల్లలే. ఆ ఊళ్లో అతనికున్న గౌరవమంతా ఆ కోటలోనే ఉంది. దాన్ని ఎట్లా కోయమని చెప్పాలో నాకు తెలియలేదు.

తల్లికి తెలిసింది. "మాస్టర్, నా బిడ్డ సీటు రేపు పోతాండాది," అంది. అరవలేదు. "నువ్వు కోసిన గుడ్డ తప్పైతే ఆ తప్పు కుట్టు దాకా రానిస్తావా? కట్టలోనే చెప్తావు గదా, ఇది కుట్టొద్దని."

మాస్టర్ ఫోను తీశాడు. మా ముందే ఆట చాటింగులో రాశాడు, అప్‌డేట్ వేసుకోవద్దని, పాస్‌వర్డులు మార్చుకోమని, ఆప్షన్లు వెంటనే చూసుకోమని. ఊపిరి పీల్చుకునేలోపే దాని కింద అదే పేరుతో, అదే బొమ్మతో ఇంకో కబురు వచ్చింది. "పిల్లలూ, నా అకౌంటు ఎవడో దొంగిలించినాడు. పైన రాసింది నేను కాదు. ఎవురూ ఏమీ మార్చొద్దు."

పిల్లలు గందరగోళపడ్డారు. అన్నా ఎవరు నువ్వు అని ఒకరు, రుజువు చూపించమని ఒకరు. మాస్టర్ గబగబా రాశాడు, పోయినేడు వినాయకచవితికి కోటలో ఏం కట్టామో, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడటం మానేశారో. దొంగ కూడా అవే రాశాడు. ఇంకా వివరంగా రాశాడు. ఎందుకంటే సర్వర్ వాడి చేతిలో ఉంది, ఆ పిల్లలు ఇన్నేళ్లు మాట్లాడుకున్న ప్రతి మాటా వాడి ముందుంది. మాస్టర్ తలలో ఉన్నవాటిలో సగం మరుపున పడ్డాయి, దొంగ దగ్గర ఒక్కటీ మరుపున పడలేదు. నేను చూసిన మోసాలన్నిటిలో నన్ను భయపెట్టింది అదే. మనిషి కంటే వాడి వేషమే ఎక్కువ రుజువులు చూపిస్తోంది.

అంతలో మేడం ఫోను. కంపెనీవాళ్లు గంటలో సర్వర్ ఆపేస్తున్నారు. కొత్తగా ఎవరికీ విషం పోదు. కానీ ఇప్పటికే పోయిన పాస్‌వర్డులు పోయినట్టే, ఆ పిల్లలకు చెప్పే దారి కూడా దాంతోపాటే మూసుకుపోతుంది. "ఎట్లయినా వాళ్లకు చేరాలి సార్. మనుషుల్ని పంపండి," అన్నారు.

ఎవరింటికని పంపాలి? మాస్టర్‌కు ఆటలో పేర్లే తెలుసు. పులి ఒకడు, రాకెట్టు ఒకడు, చింతకాయ ఒకతె. ఫోను నంబర్లు లేవు. మెయిల్ అడ్రసులున్నాయి, ఆ మెయిళ్లు తెరిచి చదివేది దొంగే.

"చానామంది మన పక్కోళ్లే సార్," అంది ఆ పిల్ల. యూనిట్లోకి వచ్చినప్పటినుంచి నోరు తెరవడం అదే. "మేమందరం ఒకర్ని చూసి ఒకరం చేరినాం. ఇండ్లల్లో మిషన్లుండే పిల్లోళ్లే ఎక్కువ. నేను ఫోన్లో చెప్తే నమ్మరు, మార్చొద్దని అన్నే చెప్పినాడంటారు."

మాస్టర్ చుట్టూ పేర్చిన కట్టల వైపు చూశాడు. యూనిట్లో కోసిన ముక్కల్ని కట్టలు కట్టి, రోజూ పొద్దున్నే ఆటోలో చుట్టుపక్కల పల్లెలకు పంపుతారు. ఇంటింటికీ దించి, కుట్టినవి ఎత్తుకుని వస్తారు.

"రేపు పొద్దున కట్టలు పోతాయి సార్," అన్నాడు మెల్లగా.

"డ్రైవరుతో చెప్పిద్దామా?"

"డ్రైవరు చెప్తే ఎవురు నమ్ముతారు?" అంది తల్లి. "పాస్‌వర్డంటే కొత్త బ్రాందీ పేరనుకుంటాడు వాడు."

"నేనే పోతా అక్కా."

పిల్ల అతని వైపు తిరిగింది. "బెంగళూరు కాదా అన్నా నువ్వు?"

"కాదు పాపా."

"మా ఇంటి వెనక సందే గదా నీది."

"అవును."

మాస్టర్ కట్టలకు తాళ్లు బిగించడం మొదలుపెట్టాడు, బిగించినవాటినే మళ్లీ బిగిస్తూ.

మరుసటి రోజు పొద్దున్నే తల్లీకూతుళ్లు సర్టిఫికెట్లతో అనంతపురం బస్సెక్కారు. నేను కట్టల మధ్య ఇరుక్కుని ఆటోలో కూర్చున్నాను. జీపులో పోతే పల్లెలో పిల్లలు దొరకరు, పెద్దలూ దొరకరు. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్లు రాసిపెట్టుకోవచ్చు.

మొదటి ఇంట్లో మిషన్ ముందు అమ్మ, పక్కన ల్యాప్‌టాప్ ముందు మీసాలు ఇంకా రాని ఒక కొడుకు. మాస్టర్ కట్ట దించి, గొంతు సవరించుకుని, "నేను అన్నను," అన్నాడు.

ఆ పిల్లవాడు మాస్టర్‌ను, ఆటోను, నన్నూ వరుసగా చూశాడు. "పోలీసాయన్ని పట్టుకొచ్చినావు. నువ్వే ఆ దొంగవేమో."

"దొంగైతే ఆటోలో వస్తాడా రా?"

"అయితే చెప్పు. నేను పులిని. కోటలో నా గది యాడుండాది?"

"నీకు గది యాడిది? బురుజు మీద గుడారమేసుకోని ఉండావు. గది కట్టరా అంటే ఏడాదిగా రాళ్లు లేవంటావు."

వాళ్లమ్మ మిషన్ ఆపి పెద్దగా నవ్వింది. "ఈడ గూడా అంతే మాస్టర్. మంచం మీది దుప్పటి మడతెయ్యమంటే ఏడాది." ఆ పిల్లవాడు నవ్వలేదు. "కటింగ్ మాస్టరా నువ్వు?" అన్నాడు. మాస్టర్ అవునన్నాడు. "మరి లెక్కలు అంత బాగా ఎట్ల చెప్తివి?" అన్నాడు వాడు.

మాస్టర్ ఆటో వైపు తిరిగి, అవసరం లేకపోయినా ఒక కట్టను ఇటునుంచి అటు పెట్టాడు.

ఆ తర్వాత పని సులువైంది. ఒక ఇంటి పిల్ల ఇంకో నాలుగిళ్లకు ఫోన్లు కొట్టింది, ఆ నలుగురూ ఇంకొందరికి. ఒక పల్లెలో చింతకాయ అనే అమ్మాయి తన ఆప్షన్లు తెరిచి చూసుకుంటే, అవీ తలకిందులయ్యే ఉన్నాయి. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు వాడు. బెదిరించకుండా ఎందుకు ఊరుకున్నాడో తెలియదు, చేతినిండా గిరాకీ ఉండి ఆ అమ్మాయి దగ్గరికి రాలేదేమో. అక్కడే కూర్చుని సరిచేసుకుని, పాస్‌వర్డ్ మార్చుకుంది. కొందరు తిట్టారు కూడా. ఒక తండ్రి ల్యాప్‌టాప్ ఎత్తి నేలకు కొట్టబోతే నేను అడ్డంపడి బేరమాడాను. ఆటను తీసెయ్యి, ల్యాప్‌టాప్‌ను ఉంచు అని. నా జీవితంలో చేసిన మంచి బేరాల్లో అదొకటి.

అందరికీ చేరలేదు. పామిడి వైపు ఉండే పిల్లాడొకడు ఆ ఆటలో ఉన్నాడని, వాడూ ఇంజనీరింగే రాశాడని పిల్లలు చెప్పారు. మా కట్టలు అంతదూరం పోవు. పామిడి స్టేషనుకు చెప్పాను, ఆటలో పేరు పట్టుకుని మనిషిని వెతకమంటే వాళ్లు నవ్వారు. నేనూ ముందు రోజు పొద్దున నవ్వి ఉండేవాణ్ణే. ఆ పిల్లాడికి ఏ సీటు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

దొంగ దొరకలేదు. జాడ రెండు రాష్ట్రాలు దాటి ఆగిపోయింది. కోట కూడా పోయింది. దొంగ ఎక్కడెక్కడ ఏం దాచి వెళ్లాడో తెలియదు కాబట్టి పాత కాపీలతో సహా అన్నీ చెరిపెయ్యాలని మేడం చెప్పారు. కనీసం బురుజులన్నా ఉంచకూడదా అని నేను అడిగాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే కదా. మాస్టర్ నన్ను వారించి, వద్దులే సార్, అని తన చేత్తోనే చెరిపేశాడు. తర్వాత అతను మళ్లీ సర్వర్ పెట్టాడా అంటే, పెట్టాడు, ఈసారి కొసరు లేకుండా. లెక్కలు చెప్పించుకోవడానికి ఆ పిల్లలు ఇప్పుడు నేరుగా ఆ వెనక సందుకే పోతున్నారని విన్నాను.

ఇవన్నీ తర్వాత సంగతులు. ఆ రోజు మధ్యాహ్నం స్టేట్‌మెంటు కోసం మాస్టర్‌ను వెంటపెట్టుకుని అనంతపురం చేరేసరికి, పాలిటెక్నిక్ హెల్ప్‌లైన్ సెంటరులో తల్లీకూతుళ్లు ఇంకా క్యూలోనే ఉన్నారు. చివరి రోజు కదా, జిల్లాలోని పిల్లలంతా అక్కడే ఉన్నట్టున్నారు. యూనిఫాం చూపించి ముందుకు పోదామనుకున్నాను. ఆ పిల్లే వద్దంది. "వాళ్లకూ ఈ రోజే గదా సార్ లాస్టు," అంది. నలుగురం నిలబడ్డాం.

మా వంతు వచ్చాక, అక్కడి లెక్చరర్ సర్టిఫికెట్లు చూసి, దొంగ పెట్టిన పాస్‌వర్డ్‌ను రద్దు చేశాడు. "కొత్తది కొట్టమ్మా," అన్నాడు. మేం ముగ్గురం అలవాటుగా ఆ పిల్ల భుజాల మీదుగా స్క్రీన్ మీదికి వంగాం.

"మీరు అట్ల తిరగండి," అన్నాడు లెక్చరర్ మాతో.

తల్లి, మాస్టర్, నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాం. గోడకు ఏమీ లేదు, సున్నం పెచ్చులు తప్ప. వెనక మీటల చప్పుడు చాలాసేపు వినిపించింది. "పొడుగ్గానే పెట్టినట్టుండాది," అంది తల్లి గుసగుసగా. ఆ తర్వాత మౌస్ నొక్కిన చప్పుడు, మళ్లీ నొక్కిన చప్పుడు. ఆప్షన్లు ఒక్కొక్కటే తమ చోటుకు తిరిగి వచ్చాయి. ఫ్రీజ్ అయ్యాక ప్రింటు చేతికిచ్చారు. మొదటి వరుసలో అనంతపురం కాలేజీ. ఆ సీటే ఆ పిల్లకు వచ్చింది.

బయటికి వచ్చాక తల్లి ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి, మడిచి, జాకెట్లో దోపుకుంది. అప్పుడు అడిగింది.

"ఏం పెట్టినావే పాస్‌వర్డు?"

"చెప్పను మా."

"నాకు గూడానా?"

"నీకు గూడా."

తల్లి నా వైపు తిరిగింది, ఫిర్యాదు రాసుకోమన్నట్టు. నేను పెన్ను తీయలేదు.